ఎనిమిదో గదికి డబుల్ బెల్

జులై 1

మా వృద్ధుల హోమ్‌లో ఈ రోజు కొత్త బెల్లులు పెట్టారు. అంటే బటన్లు పాతవే. ప్రతి మంచం పక్కనా తీగకు వేలాడుతూ, బొటనవేలితో నొక్కే ఆ తెల్ల బటన్లు అలాగే ఉన్నాయి. వాటి వెనకున్న పెట్టె మారింది. వరండా గోడ మీద ఎర్ర అంకెలతో వెలిగే బోర్డు తీసేశారు. ఇక నుంచి పెద్దవాళ్లు ఎవరు నొక్కినా నర్సుల నడుముకు తగిలించిన చిన్న మెషిన్‌లో మోగుతుందట.

బిగించడానికి వచ్చినాయనకు నేను అప్పుడే పేరు పెట్టేశాను, అప్‌డేట్ గారు. నలభై దాటి ఉంటాయి. నున్నటి తల, భుజాన బరువైన సంచీ. ఎవరేం అడిగినా "అది ఈ అప్‌డేట్‌లో వచ్చేసిందండీ" అంటారు. టీ తాగుతారా అని అడిగినా అదే అంటారేమోనని దుప్పట్లు మడత పెడుతూ చెవి అటే పెట్టాను. అనలేదు. తాగారు.

"పాత బటన్లు మీ కొత్తదానికి అర్థమవుతాయా?" అని అడిగింది హెడ్ సిస్టర్.

"ఎందుకు కావండీ? పాత బటన్లు ఏ పద్ధతిలో మాట్లాడతాయో అదంతా మా సాఫ్ట్‌వేర్‌కి నేర్పాం. దాన్నే ప్రోటోకాల్ అంటాం. పాతవాటితో సర్దుకుపోవడమే మా కంపెనీ గొప్ప."

నాకు నవ్వొచ్చింది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఇలాగే కదా. మామగారు ఒకసారి దగ్గితే టీ. రెండుసార్లు దగ్గితే పేపరు. మూడుసార్లు దగ్గితే నిజంగానే దగ్గు. ఎవరూ రాసివ్వలేదు. అత్తయ్య కళ్లతో చెబితే నేర్చుకున్నాను.

ఆ అత్తయ్యే ఇప్పుడు ఎనిమిదో గదిలో ఉంది. పోయిన చలికాలంలో పక్షవాతం వచ్చి మాట పోయింది, కుడి చెయ్యి పడిపోయింది. నేను ఇక్కడే దుప్పట్ల గదిలో పనిచేస్తాను కాబట్టి రోజంతా కళ్ల ముందే ఉంటుంది. ఇది దేవుడు చేసిన మేలు.

ఆవిడ మంచం పైన ఉన్న పచ్చ దీపాన్ని కూడా పరీక్షించారు. పక్క గదివాళ్లు బటన్ నొక్కితే ఈ గదిలో దీపం మిణుకుమంటుంది. ఒకరికి బాగా లేకపోతే రెండోవాళ్లు కేకేస్తారని వెనకటివాళ్లు పెట్టిన ఏర్పాటు. కొత్తదాంట్లోనూ ఉంచారు. వెలిగింది.

అన్నీ బాగున్నాయి.

జులై 2

అన్నీ బాగున్నాయి. అత్తయ్య పాలు వదిలేసింది. వేడి ఎక్కువైందేమో.

జులై 3

ఫిజియో అమ్మాయి వచ్చింది. గలగలా మాట్లాడే పిల్ల. అత్తయ్య కుడి బొటనవేలు పట్టుకుని, "ఏంటి అమ్మమ్మా, పోయిన నెల నన్ను ఆశ్చర్యపరిచారు, ఈ రోజు నా మీద అలిగారా?" అంది.

వేలు కదల్లేదు. మబ్బు పట్టింది కదా, కీళ్లు బిగుస్తాయి. అందుకే అయ్యుంటుంది.

జులై 5

అత్తయ్య గోడవైపు తిరిగి పడుకుంటోంది. రొట్టె ముక్క నోటి దగ్గర పెడితే పెదవులు బిగించింది. గాలి గోడవైపు నుంచే బాగా వస్తుందేమో అనుకున్నాను. గోడ నుంచి గాలి ఎలా వస్తుందని ఇది రాస్తున్నప్పుడు తట్టింది.

మా ఆయన అడిగితే బాగుందని చెప్పాను. టైర్ల షాపులో రోజంతా వంగి పనిచేసి వస్తారు. ఆయన మనసు మీద ఇంకో బరువెందుకు?

జులై 7

హెడ్ సిస్టర్‌కి కొత్త బెల్లులు తెగ నచ్చాయి. "అక్కా, ఇదివరకు పొద్దున లేచింది మొదలు ఏడో గది, ఎనిమిదో గది ఉత్తుత్తినే మోగేవి. పరిగెత్తుకెళ్తే ఏమీ లేదనేవారు. మీ అత్తగారు కూడా తక్కువేం కాదులే! ఇప్పుడు చూడు, ఎంత ప్రశాంతంగా ఉందో" అంది.

నిజమే, ప్రశాంతంగానే ఉంది. అత్తయ్య తరఫున నాకు సిగ్గేసింది. ఆవిడ ఎవరినీ ఊరికే పిలిచే మనిషి కాదు. బటన్ చేతి కింద పడి నొక్కుకుపోయి ఉంటుంది.

జులై 9

ఫిజియో అమ్మాయి ఈ రోజు గలగలలాడలేదు. నన్ను వరండాలోకి పిలిచింది.

"ఆంటీ, ఇరవయ్యో తారీఖున డాక్టర్ గారు చూడ్డానికి వస్తారు. ఇలాగే తినకుండా, చెయ్యి కదపకుండా ఉంటే పై అంతస్తుకి మార్చమంటారు. అక్కడ గొట్టంతో తినిపిస్తారు. నాకు ఆ అంతస్తులో పని లేదు. అంటే... అక్కడ ఎక్సర్‌సైజులు ఉండవు ఆంటీ."

పై అంతస్తు దుప్పట్లు కూడా నేనే సర్దుతాను. అక్కడికి వెళ్లినవాళ్లు లిఫ్టులో కిందికి రావడం నేను చూడలేదు.

జులై 10

ప్రార్థనలో కూర్చున్నాను. అత్తయ్య బాగుపడితే ఫలానాది మానేస్తాను అని చెప్పబోయాను. మానేయడానికి నా దగ్గర ఏముంది, టీ తప్ప? టీ మానేస్తానన్నాను. సాయంత్రం తల బద్దలైపోయింది. స్వామీ, కొంచెం త్వరగా చూడు.

జులై 11

ఈ రోజు జరిగింది రాయాలంటే చెయ్యి ఆగిపోతోంది. రాయకపోతే నిద్ర పట్టదు.

ఏడో గదిలో దుప్పటి మార్చడానికి వెళ్లాను. ఆ గదిలో కండక్టర్ గారు ఉంటారు. ఉద్యోగమంతా బస్సుల్లోనే చేసి రిటైరయ్యారు. తుంటి విరిగి మంచం మీద ఉన్నారు. మనిషి హుషారు. నేను లోపలికి అడుగుపెట్టగానే "రండి, ముందుకు జరగండి, లోపల ఖాళీ ఉంది!" అంటారు ఎప్పుడూ. ఈ రోజు అనలేదు.

"తల్లీ, ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. ఎనిమిదో గదిలో ఆవిడకు నా మీద కోపం వచ్చిందా?"

"ఆవిడెవరో మీకు తెలుసా బాబాయిగారూ?"

"ముఖం తెలీదు. బెల్ తెలుసు."

నాకేమీ అర్థం కాలేదు. ఆయన మెల్లగా చెప్పుకొచ్చారు. ఇక్కడికి వచ్చిన మొదటి రోజు పొద్దున్నే మెలకువ రాగానే, పాత అలవాటు కొద్దీ చేతిలో ఉన్న బటన్‌ని రెండుసార్లు టకటకా నొక్కారట. డబుల్ బెల్. అంటే బస్సు పోనీ అని. నర్సు వచ్చి చీవాట్లు పెట్టి వెళ్లింది. ఆ వెంటనే ఆయన మంచం పైన పచ్చ దీపం రెండుసార్లు మిణుకుమంది.

"ఎవరో ఎక్కారు అనుకున్నాను తల్లీ! ఇక రోజూ అదే. పొద్దున్నే డబుల్ కొడతాను, అటునుంచి డబుల్ వస్తుంది. అంటే ఇద్దరం లేచాం, బండి కదిలింది అన్నమాట. మధ్యాహ్నం కునుకు తీసే ముందు సింగిల్. ఆపు అని. లేచాక మళ్లీ డబుల్. ఆవిడ ఒక్కోసారి ఆలస్యంగా కొట్టేది. సీటు దొరకలేదేమో అనుకునేవాణ్ణి."

నేను దుప్పటిని గుండెలకు హత్తుకుని నిలబడిపోయాను. మా అత్తయ్య! గట్టిగా నవ్వితేనే నోటికి కొంగు అడ్డం పెట్టుకునే మనిషి! పరాయి మగాయనతో బెల్లులు!

"మరి ఇప్పుడేమైంది?" అన్నాను.

"ఒకటో తారీఖున పొద్దున్న బాగానే ఉంది. ఆ సాయంత్రం నేను డబుల్ కొడితే, ఆవిడ ఒక్కటే కొట్టింది. ఆపమంది. సరే, ఆడమనిషి ఆపమన్నాక ఇంకేముంటుంది, రెండ్రోజులు ఆపేశాను. తర్వాత మనసొప్పక మళ్లీ రోజూ పొద్దున్నే ఒక డబుల్ కొడుతున్నాను. జవాబు లేదు. నా వల్ల ఏమైనా ఇబ్బంది అయిందంటే చెప్పు, బటన్ ముట్టుకోను."

నేను గబగబా పని ముగించుకుని వచ్చేశాను. మురికి దుప్పటి మళ్లీ ఆ మంచం మీదే పరిచి, ఉతికినది బుట్టలో వేసి తెచ్చానని దుప్పట్ల గదికొచ్చాక చూసుకున్నాను.

మా ఆయనకు చెప్పలేదు. ఎలా చెప్పను?

జులై 12

మామూలుకన్నా ముందే వెళ్లి ఎనిమిదో గదిలో కూర్చున్నాను. అత్తయ్య కళ్లు మూసుకుని ఉంది. నిద్ర కాదు, నటన. ఇన్నేళ్లలో ఆ మాత్రం తెలుసు.

గోడకు ఆవలి నుంచి ఆయన గొంతు సన్నగా వినిపించింది. "రైట్... రైట్!"

పచ్చ దీపం వెలిగింది. ఆరింది. అంతే. రెండోది రాలేదు.

అత్తయ్య కళ్లు తెరిచి ఆ దీపాన్ని చూసింది. మళ్లీ మూసుకుంది. కంటి చివర తడి.

నేను ఏడో గదికి పరుగెత్తాను. "ఎన్నిసార్లు నొక్కారు?"

"రెండు, తల్లీ. నేను సింగిల్‌కీ డబుల్‌కీ తేడా తెలీకుండా ఉద్యోగం చేశానా?"

ఆయన రెండు కొడితే ఇక్కడికి ఒకటే వస్తోంది. ఆయన పోనీ అంటుంటే ఈవిడకు ఆపు అని వినిపిస్తోంది. ఈవిడ చివరిసారి పోనీ అన్నదీ ఆయనకు అలాగే చేరింది. ఇద్దరూ ఒకరి మాట ఒకరు మన్నించి ఆగిపోయారు. ఆయన బెల్ ఆపారు. ఈవిడ తిండి ఆపింది.

ఇందాకటి నుంచి ఇదే తిరిగి తిరిగి రాస్తున్నాను. కాగితం వృథా.

జులై 13

అత్తయ్యకు అంతా వివరంగా చెప్పాను. "అత్తయ్యా, ఆయన ఆపమనలేదు. రోజూ రెండే కొడుతున్నారు. మెషిన్ ఒకటి మింగేస్తోంది."

ఆవిడ నావైపు చూసిన చూపు నాకు బాగా తెలుసు. నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? మామగారికి జబ్బు ముదిరినప్పుడు కూడా బాగానే ఉన్నారనే చెప్పాను. కూర మాడితే రుచి కోసం అన్నాను. ఈ ఇంట్లో ఇన్నేళ్లుగా నా నోటి నుంచి వచ్చిన మాట ఒక్కటే, అన్నీ బాగున్నాయి. అత్తయ్య దృష్టిలో నేను మంచిదాన్నే, సాక్షిగా మాత్రం పనికిరాను.

"పోనీ ఆయన్ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చి చూపించనా?" అన్నాను. ఎడమ చేత్తో దుప్పటి లాగి ముఖం కప్పేసుకుంది. మూతి వంకర పోయినప్పటి నుంచి నాకూ మా ఆయనకూ, ఇక్కడ చూసుకునేవాళ్లకూ తప్ప ఎవరికీ ముఖం చూపించదు.

జులై 14

నాకో ఆలోచన వచ్చింది. పెద్ద తెలివైనదాన్ననుకున్నాను.

"బాబాయిగారూ, ఒకటి నొక్కి, కాసేపు ఆగి, రెండోది నొక్కండి. మధ్యలో చిన్న ప్రార్థన చెప్పుకోండి."

ఆయన నావైపు జాలిగా చూశారు. "అది డబుల్ బెల్ కాదు తల్లీ, రెండు సింగిల్ బెల్లులు. ఒక స్టాపులో ఆపి, బండి కదలకముందే మళ్లీ ఆపమన్నట్టు. అలా కొడితే డ్రైవర్ దిగొచ్చి నా చొక్కా పట్టుకుంటాడు."

"ఇక్కడ డ్రైవర్ లేడుగా!"

"ఆవిడకు బెల్ తెలుసమ్మా."

నేను బతిమాలితే, ఎనిమిదో గదికి చేరాక కొట్టారు. దీపం ఒకసారి వెలిగింది. కాసేపటికి మళ్లీ వెలిగింది. అత్తయ్య దిండు కింద తల పెట్టుకుంది.

బెల్ తెలుసు, నిజమే.

జులై 15

అప్‌డేట్ గారికి ఫోన్ చేశాను. సంచీతో వచ్చారు. ఏడో గదిలో బటన్ టకటకా నొక్కి, లాప్‌టాప్‌లో చూసి సంతోషపడ్డారు.

"కరెక్టుగా పనిచేస్తోందండీ."

"రెండు నొక్కితే ఒకటే వెలుగుతోంది కదండీ."

"అదే కరెక్టు. పెద్దవాళ్ల చేతులు వణుకుతాయి, గబగబా నాలుగుసార్లు నొక్కేస్తారు. అన్నీ కలిపి ఒకే పిలుపుగా పంపిస్తాం. నర్సులకు హాయి. ఇది ఈ అప్‌డేట్‌లో..."

"వచ్చేసింది," అన్నాను.

ఆయన నవ్వేశారు. మంచివారే. "పాతవాటితో సర్దుకుపోతుందన్నారు కదా?" అని అడిగాను.

"సర్దుకుందండీ. బటన్ నొక్కితే మోగాలి, పక్క గదిలో దీపం వెలగాలి. పాత సిస్టమ్ కాగితాల్లో ఉన్నది అంతే. రెండుసార్లు నొక్కితే రెండుసార్లు వెలగాలని ఎక్కడా లేదు. దాని మీద ఎవరైనా ఆధారపడి ఉంటారని మాకెలా తెలుస్తుంది?"

మా మామగారి దగ్గు గురించి చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలీదు. ఆయన పడీపడీ నవ్వారు. తర్వాత నవ్వాపి లాప్‌టాప్ మూసి, తిన్నగా అడిగారు. "ఇంతకీ ఎవరండీ రెండుసార్లు నొక్కేది? ఎందుకు?"

చెప్పాను. తల వంచుకుని, నేల మీది గచ్చుకు చెప్పినట్టు చెప్పాను.

ఆయన లాప్‌టాప్ మళ్లీ తెరిచి చూసి, "నర్సుల మెషిన్‌కి ఒక్కటే పంపి, దీపానికి మాత్రం ఎన్ని నొక్కితే అన్నీ పంపొచ్చేమో. పాత పద్ధతి అని ఒక మోడ్ పెట్టాలి. ఆఫీసులో నేను మాట్లాడతాను. కానీ మీ హెడ్ సిస్టర్ సంతకం కావాలండీ" అన్నారు.

జులై 16

హెడ్ సిస్టర్ ఒప్పుకోలేదు.

"అక్కా, ఎంతో కష్టపడితే ఈ గోల తగ్గింది. మళ్లీ దాన్ని కెలకడం దేనికి? ఏదో ఒకటి మారిస్తే ఇంకోటి చెడుతుంది. అయినా ఆ దీపం ఉన్నది ఆపదకు, ఆటలకు కాదు."

"సరేనమ్మా" అని వచ్చేశాను.

దుప్పట్ల గదిలో కూర్చుని మడతలు పెట్టాను. పై అంతస్తు కట్ట, కింది అంతస్తు కట్ట. అత్తయ్య దుప్పటి చేతికొచ్చింది. మూలన నేను కుట్టిన చిన్న నీలం గుర్తు. అలవాటుగా చెయ్యి దాన్ని కింది అంతస్తు కట్ట మీద పెట్టింది. అక్కడి నుంచి చెయ్యి తీయలేకపోయాను.

తిరిగి వెళ్లాను. నర్సులంతా టీ తాగుతున్నారు.

"సరే కాదు," అన్నాను.

గదిలో అందరూ తిరిగి చూశారు. నా గొంతు నాకే పరాయిదానిలా వినిపించింది. "సరే అన్నాను కదా ఇందాక, అది అబద్ధం. మా అత్తయ్య ఒకటో తారీఖు నుంచి సరిగ్గా తినడం మానేసింది. అదేదో ఉత్తుత్తి బెల్ అన్నావే, ఆ బెల్ నొక్కీ నొక్కీ ఆవిడ బొటనవేలికి జీవం వచ్చింది. ఫిజియో అమ్మాయిని అడుగు. ఆపద ఎప్పుడో వస్తుందని దీపం పెట్టుకున్నాం కదా, వచ్చింది. ఇదే ఆపద."

ఆ తర్వాత పక్కనున్న బల్ల మీద కూర్చున్నాను. అది బల్ల కాదు, బిస్కెట్ల డబ్బా.

హెడ్ సిస్టర్ నన్ను లేవదీసి, డబ్బా సొట్ట చూసి, సంతకం చేసింది. "కారణం అని ఒక గడి ఉంది, ఏం రాయమంటావు?" అంది.

"నీ ఇష్టం."

"డబుల్ బెల్" అని రాసింది.

జులై 17

బాగా లేదు.

మా ఆయనకు అదే చెప్పాను. అత్తయ్య బాగా లేదు, పదిహేను రోజులుగా బాగా లేదు, నేను దాచాను అన్నాను. తర్వాత కండక్టర్ గారి సంగతీ చెప్పాను. కోపం వస్తుందని తలుపు దగ్గరే నిలబడి చెప్పాను.

ఆయన చేతులకంటిన నలుపు రుద్దుకుంటూ కూర్చున్నారు.

"ఏ రూటటా?"

"ఏం రూటు?"

"ఆయన చేసింది ఏ రూట్లో అని."

"అదేం అడగలేదండీ!"

"అడుగు. ఇంకోటి కూడా చెప్పు. అమ్మ బస్సెక్కితే కిటికీ పక్క సీటు ఖాళీ అయ్యేదాకా నిలబడే ఉండేది. ఎవరు చెప్పినా కూర్చునేది కాదు. ఆయనకు తెలిసి ఉండడం మంచిది."

చీకట్లో ఆయన ముక్కు చీదుకోవడం వినిపించింది. జలుబు చేసిందేమో.

కాదు. జలుబు కాదు.

జులై 18

అప్‌డేట్ గారు రాలేదు. ఫోన్ చేస్తే ఆఫీసులో మాట్లాడుతున్నామన్నారు. అత్తయ్య రెండు చెంచాల జావే తాగింది. కండక్టర్ గారికి కిటికీ సంగతి చెప్పాను. గంభీరంగా తలూపారు.

జులై 19

సాయంత్రం నేను ఇంటికి బయల్దేరే వేళకు వచ్చారు. సంచీ కింద పెట్టకుండానే పని మొదలుపెట్టారు. "పాత పద్ధతి మోడ్ అండీ. అందరికీ పంపే వెర్షన్‌లో కూడా పెడుతున్నారు. ఇంకా ఎన్ని చోట్ల ఎవరెవరు డబుల్ కొట్టుకుంటున్నారో అన్నారు మా మేనేజర్."

అత్తయ్య మందుల మత్తులో నిజంగానే నిద్రపోయింది. పొద్దున్నే కొట్టమని కండక్టర్ గారికి చెప్పి వచ్చాను. "చెప్పాలా?" అన్నారు.

టీ మానేస్తానన్న మొక్కు గురించి దేవుడితో మళ్లీ మాట్లాడాలి.

జులై 20

పొద్దున్నే వెళ్లాను. అత్తయ్య గోడవైపు తిరిగి ఉంది. నేనేమీ చెప్పలేదు. నా సాక్ష్యం చెల్లదని తెలుసు కదా. కుర్చీలో కూర్చుని చేతులు జోడించుకున్నాను.

గోడకు ఆవలి నుంచి "రైట్... రైట్!"

దీపం వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది.

అత్తయ్య తల తిప్పింది. ఆరిపోయిన దీపాన్ని అలాగే చూస్తూ ఉంది. అప్పుడు దుప్పటి మీద కుడి చెయ్యి కదిలింది. పురుగు పాకినట్టు, ఆగి ఆగి, బటన్ దాకా పాకింది. బొటనవేలు దాని మీద పెట్టి నొక్కింది.

ఒకటి.

నేను ఎదురుచూశాను. రెండోది రాలేదు. ఒక్కటే. ఆపు.

నాకు ఏడుపొచ్చింది. ఏడో గదికి వెళ్లాను. ఆయనేమైపోయారో అనుకుంటే, కండక్టర్ గారు తల దువ్వుకుంటున్నారు!

"బాబాయిగారూ, ఆపమంది..."

"ఆపాను తల్లీ. సింగిల్ బెల్ కొట్టారంటే ఎవరో ఎక్కాలి. నువ్విక్కడ నిలబడితే ఎలా? వెళ్లు, ఎక్కించు. కిటికీ పక్కన ఖాళీ చేయించానని చెప్పు."

చూస్తే నిజమే. ఆయన మంచం ఇవతలికి జరిపి ఉంది. కిటికీ పక్కన చక్రాల కుర్చీ పట్టేంత చోటు.

తిరిగొచ్చేసరికి అత్తయ్య ఎడమ చేతిలో దువ్వెన ఉంది. నావైపు చాచింది. తర్వాత దాంతోనే మూలనున్న చక్రాల కుర్చీని చూపించింది. ముఖం మీద దుప్పటి లేదు.

తల దువ్వి, జడ వేశాను. ఫిజియో అమ్మాయి, హెడ్ సిస్టర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వాళ్ల వెనక మెడలో స్టెతస్కోపు వేసుకుని డాక్టర్ గారు. ఎవరూ లోపలికి రాలేదు. ముగ్గురం పట్టి కుర్చీలో కూర్చోబెట్టాల్సిన మనిషి, నా భుజం ఒక్కటే పట్టుకుని కూర్చుంది.

బండి తోయబోయాను. ఊఁ, అని గొంతులోనే కసిరింది. ఇంకా కాదట. మంచం మీదున్న బటన్ ఇమ్మని కళ్లతో చెప్పింది. మామగారి టీ, పేపరు చెప్పిన కళ్లే అవి. ఎడమ చేతికి అందించాను. తీసుకుని కుడి చేతిలోకి మార్చుకుంది. వేలు వణికింది. జారింది. మళ్లీ పెట్టింది.

రెండు కొట్టింది.

నేను బండి తోశాను.